గుటక పరీక్ష

ఆ రోజు గడియారాల మెకానిక్ పథకం చాలా చిన్నది. షాపుకని చెప్పి బయల్దేరి, చడీచప్పుడు కాకుండా ఆసుపత్రికి పోయి, గుటక పరీక్ష చేయించుకు రావాలి. కొంతకాలంగా ఏం తిన్నా గుండెల దగ్గరే అడ్డంపడుతోంది. ఏ పెద్ద జబ్బోనని హడలిపోయి భార్యకు చెప్పలేదు. ఆవిడేమో తన వంటే నచ్చడం లేదనుకుని కుమిలి కుమిలి సగమైంది.

పరగడుపున రమ్మన్నారు. సరిగ్గా ఆ పూటే ఆవిడ పళ్లెం తెచ్చి ముందు పెట్టింది.

"ఇవాళ కూడా వదిలేస్తే పుట్టింటికి పోతానండీ. ఇక నావల్ల కాదు."

"అది కాదే... అక్క పిలిచింది. అక్కడ తింటాను."

వెతికి వెతికి ఆ అబద్ధమే ఆడాలా! అక్క వంటను అతను లొట్టలేసుకుంటూ తింటాడని ఆవిడకు ఎప్పటినుంచో మంట. పెట్టె సర్దుతూనే ఆడపడుచుకు ఫోన్ చేసి కడిగేసింది.

"నేను పిలవనే లేదమ్మా!" అంది ఆడపడుచు.

మరి ఎవరింట్లో తింటున్నట్టు? ఇద్దరికీ ఒకే అనుమానం వచ్చింది. ఇద్దరూ కలిసి షాపుకు వెళ్తే అది మూసి ఉంది. ఆసుపత్రికని ఆటో ఎక్కాడని పక్క షాపాయన చెప్పాడు.

"అయితే ఎవరో నర్సే!" అని తేల్చేసింది అక్క.

మెకానిక్ ముక్కులోంచి కడుపుదాకా సన్నటి గొట్టం వేయించుకుని పడుకున్నాడు. లోపలి ఒత్తిడిని కొలిచే గొట్టం అది. చెప్పినప్పుడే గుటక వేయాలనీ, నోరు విప్పితే మళ్లీ మొదటికొస్తుందనీ టెక్నీషియన్ గట్టిగా హెచ్చరించాడు. అంతలో తలుపు తోసుకుని ఇద్దరూ ఊడిపడ్డారు. భార్య చేతిలో పెట్టె ఉంది.

"ఎవరండీ ఆవిడ?"

మెకానిక్ ముక్కులోని గొట్టం వైపు వేలు చూపించాడు.

"చూశారా వదినా, కాదనడం లేదు!"

"ఆ గొట్టం సంగతి తర్వాత, ముందు దానికి జవాబు చెప్పరా!" అంది అక్క.

భార్య కళ్లనీళ్లు చూసి అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. ఆపుకోలేక గుటక వేశాడు.

"అయ్యో, పాడుచేశారు! మళ్లీ మొదటినుంచి," అని తల పట్టుకుని, టెక్నీషియన్ ఆడవాళ్లిద్దర్నీ బయట కూర్చోబెట్టాడు.

పరీక్షయ్యాక డాక్టరు అందర్నీ పిలిచి తెరమీది రంగులు చూపించాడు.

"అన్నవాహిక కండరాలు తిండిని కిందికి నెట్టడం లేదు. కింది ద్వారం తెరుచుకోవడం లేదు. ప్రాణభయం లేదు, వైద్యం ఉంది. అందాకా ఎవరు వండినా ఇంతే, సరిగ్గా దిగదు."

భార్య కుర్చీలో కూలబడింది. "నా చేతిలోనే ఏదో లోపముందని కుళ్లి కుళ్లి ఏడ్చానండీ. ఒక్కమాట చెబితే ఏం పోయేది?"

అతనికి సిగ్గేసింది. ఆమె చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చాడు.

అక్క మాత్రం డాక్టరు చివరి మాట దగ్గరే ఆగిపోయింది. "ఎవరు వండినానా? మరి మా ఇంట్లో మారు వడ్డించుకుని మరీ తినేవాడివి కదరా!"

తమ్ముడు గోడకేసి చూశాడు. "నువ్వు బాధపడతావని తినేవాణ్ణక్కా. తర్వాత మీ పెరట్లోకెళ్లి... మొత్తం కక్కేసేవాణ్ణి."

భార్య చాలాకాలానికి నవ్వింది. పెట్టె మొగుడి చేతికిచ్చి, ఇంటికి పదమంది.

ముగ్గురూ ఒకే ఆటోలో వచ్చారు. దారిపొడవునా గుటకలు మింగింది అక్క ఒక్కతే.