గుండ్రటి ముద్ర

ఆ సోమవారం పొద్దున సాంబయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇనప్పెట్టెలో భార్య పెళ్లి చీర మడతల్లో పంతొమ్మిదేళ్లుగా నిద్రపోతున్న తన మెట్రిక్ సర్టిఫికెట్‌ను బయటికి తీయాలి. ఆఫీసులో శనివారానికి సెలవు అడగాలి. శనివారం హైదరాబాదు పోయి హెడ్డాఫీసులో సర్టిఫికెట్ చూపించాలి. లోయర్ డివిజన్ క్లర్కుగా వెళ్లినవాడు అప్పర్ డివిజన్ క్లర్కుగా తిరిగి రావాలి. పంతొమ్మిదేళ్ల లోయరు బతుక్కి ఒక్క రోజు రైలు ప్రయాణంతో అప్పరు యోగం.

అది 1981 జూన్. వరంగల్ మీద మబ్బు మూసుకుని నాలుగు రోజులైంది, కురవదు, పోదు. గిర్మాజీపేటలో ఆ ఇంట్లో గోడలు కూడా చెమటలు పడుతున్నాయి.

"శనారం గదా పోయేది, గిప్పుడెందుకు తీస్తానవ్?" అంది భార్య మొగిలమ్మ.

"సూపరింటెండుకు చూపియ్యాలె. సెలవుకు సాక్ష్యం."

"జర భద్రం. నీకు వేరే ఆస్తి లేదు."

నిజమే. సాంబయ్య ఆస్తి పాస్తులలో ఆస్తి లేదు, పాసు ఒక్కటే ఉంది. అదీ థర్డ్ క్లాసులో.

సాంబయ్య పనిచేసేది చెరువు గట్ల సర్వే ఆఫీసు. ప్రజలు దాన్ని గట్లాఫీసు అనేవారు. పని అవుతుందా అంటే 'గట్లనే' అనేవారట, ఎప్పుడవుతుందంటే 'గట్లెట్ల చెప్తం' అనేవారట. అక్కడ సాంబయ్య ఇన్వర్డ్ క్లర్కు. టపాలో వచ్చిన ప్రతి కాగితం మీద గుండ్రటి ముద్ర కొట్టి, నెంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించడం అతని పని. కాగితంలో ఏముందో చదవడం అతని పని కాదు. పంతొమ్మిదేళ్లలో అతనికి ఒక మతం ఏర్పడింది. గుండ్రటి ముద్ర ఉన్నది సత్యం, లేనిది మిథ్య.

ఆ మతానికి ఆ ఉదయం కూడా ఒక భక్తురాలు బలైంది. మరిపెడ దగ్గరి నుంచి వచ్చిన పూలమ్మ అనే ముసలమ్మ. గట్టు వెడల్పు చేసినప్పుడు ఆమె అరెకరం కొలతలోకి పోయింది. ఏడాదిగా తిరుగుతోంది.

"అవ్వా, అసలు పట్టా తెచ్చినవా?"

"చెదలు తిన్నయని చెప్తిని గద బిడ్డా. నకలున్నది."

"నకలు నడ్వది. అసలు లేకపోతే నువ్వు పూలమ్మవని నాకెట్ల ఎర్క?"

"ఏడాది సంది చూస్తానవ్ గదనయ్యా నా మొఖం!"

"మొఖం మీద ముద్ర ఉండదవ్వా" అన్నాడు సాంబయ్య, సర్టిఫికెట్ ఉన్న సంచిని ప్రేమగా తడుముకుంటూ. పూలమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు ఆ గోడ అలవాటే.

పదకొండు గంటలకు టపా వచ్చింది. అందులో ఒక పొడుగు కవరు. లోపల ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. అఖిల భారత ఉద్యోగ పత్ర పరిశీలనా మండలి, కొత్త ఢిల్లీ. ప్రమోషను జాబితాలో ఉన్నవారందరూ తమ అసలు సర్టిఫికెట్లను మూడు రోజుల్లో రిజిస్టరు పోస్టులో పంపాలి. మండలివారే వాటిని హెడ్డాఫీసులో చూపిస్తారు, అభ్యర్థులు రానక్కర లేదు. పంపనివారి పేరు జాబితా నుంచి కొట్టివేయబడును. పంపవలసిన చిరునామా: క్యాంపు ఆఫీసు, పోస్టు బాక్సు నెంబరు 17, కాజీపేట. కింద ఎవరికీ అర్థంకాని సంతకం. దాని పక్కన ఎర్రటి, నిండైన, పున్నమి చంద్రుడంత గుండ్రటి ముద్ర.

అటెండరు ఫకీర్ మహమ్మద్ కవరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఇరవై ఏళ్లుగా ఆఫీసు కవర్లన్నిటికీ స్టాంపులు అంటించేది అతనే.

"సాంబయ్య సాబ్, ఢిల్లీ చిట్టీ అంటాండ్రు, స్టాంపు మీద కాజీపేట ముద్ర ఉన్నదేంది?"

"క్యాంపు ఆఫీసు ఫకీరూ. క్యాంపు అంటే దిగుడు."

"సర్కారీ చిట్టీకి సర్కారీ స్టాంపు ఉండాలె. గిది మామూలు స్టాంపు. మనింట్ల అల్లునికి రాసుకునేది."

"స్టాకు ఒడిసిపోయి ఉంటది."

"మూడు రోజులల్ల అంటాండు. ఏ సర్కారు గింత తొందర పడ్డది సాబ్, మీ నౌకరీల?"

సాంబయ్య ఇంకు ప్యాడు దగ్గరికి లాక్కున్నాడు. ఉత్తరం మీద ముద్ర కొట్టాడు. ఇన్వర్డ్ నెంబరు 1147.

సూపరింటెండెంటు రాజేశ్వర్ రావు ఉత్తరం చదివి కళ్లద్దాలు తీశాడు. "ఈ మండలి పేరు నేనెప్పుడు విన్లే. హెడ్డాఫీసుకు ఫోన్ల ఒక ట్రంకాలు చేసి అడుగుదమా?"

"నెంబరు పడ్డది సార్."

రాజేశ్వర్ రావు ముఖం వాడిపోయింది. నెంబరు పడని కాగితాన్ని చెత్తబుట్టలో వేయవచ్చు. నెంబరు పడిన కాగితానికి జవాబు రాయాల్సిందే. ట్రంకాలు చేస్తే మళ్లీ అదొక ఫైలు. "అయితే మెమో పెట్టు. అందరు పాటించాలె అని" అంటూ సంతకం పెట్టాడు. అంతవరకూ ఎవరిదో కూడా తెలియని ఉత్తరం, అరగంటలో రాజేశ్వర్ రావు గారి ఉత్తర్వు అయిపోయింది.

జాబితాలో ఆ ఆఫీసువాళ్లు ముగ్గురున్నారు. మిగతా ఇద్దరు "రేపు చూద్దాం" అన్నారు. రేపు కూడా అదే అన్నారు. బద్ధకం మనుషులను కాపాడిన సందర్భం ఆ ఆఫీసు చరిత్రలో అదొక్కటే. సాంబయ్య మాత్రం సర్టిఫికెట్ సంచిలోనే ఉంది కనుక, రైలు ప్రయాణం తప్పింది కనుక, ఆ మధ్యాహ్నమే పంపేశాడు. పొదుపు పాటించాలని సర్క్యులర్ ఉండడంతో కొత్త కవరు తీయలేదు. ఉదయం వచ్చిన ఆ పొడుగు కవరునే విప్పి, లోపలివైపు పైకి తిప్పి, అతికించి, దానిలోనే పెట్టి పంపాడు.

సాయంత్రం సంగతి విని మొగిలమ్మ అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"నకలు పంపకపోతివా?"

"అసలు అడిగిండ్రు."

"ఎవలు? వాళ్ల మొఖం చూసినవా?"

"ముద్ర చూసిన."

"రెండు రూపాల కుండ కొంటే నేను నాలుగు తీర్ల కొట్టి చూస్త. పంతొమ్మిదేండ్ల నౌకరీని నువ్వు ఒక్కపారన్న కొట్టి చూడలేదా?"

"కొట్టిన" అన్నాడు సాంబయ్య. "ముద్ర."

మొగిలమ్మ నవ్వలేదు. ఆ తర్వాత చాలా రోజుల వరకు ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

రెండు వారాలు గడిచాయి. మండలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. సాంబయ్య కాజీపేట పోస్టాఫీసుకు పోయాడు. పదిహేడో నెంబరు పెట్టె ఖాళీ. అద్దెకు తీసుకున్న మనిషి పది రోజుల కిందటే వదిలేశాడట. "ఆ ఉత్తరం వచ్చిన కవరు తెండి, ఏ రోజు, ఎక్కడ వేసిండ్రో ముద్ర చూసి చెప్తం" అన్నాడు అక్కడి గుమాస్తా. ఆ కవరును లోపలికి తిప్పి దొంగకే పంపానని చెప్పడానికి సాంబయ్యకు నోరు రాలేదు. కాజీపేటలో కాజేశారని అర్థమై, బస్సుకు కూడా ఆగకుండా, మొదలైన వానలో హనుమకొండ దాకా నడుచుకుంటూ వచ్చాడు.

"మీ ప్రమోషను జాబితా వరండాల గోడకు అతికిచ్చి నెల రోజులాయె సాబ్" అన్నాడు మర్నాడు ఆఫీసులో ఫకీర్ మహమ్మద్ మెల్లగా. "పేరు, తండ్రి పేరు, అన్ని దాంట్లనే ఉండె. చదివినోడు చదివిండు. నేను సర్టిఫికెట్ లేనోన్ని, నా దగ్గర పోవుటానికి ఏం లేదు. అల్లా మేలు చేసిండు."

సాంబయ్య నకలు సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాడు. అసలు పోయింది, ఇక మిగిలింది వడ్డీ కట్టడమే. ఆ వడ్డీ జూలై చివర్న టపాలో వచ్చింది. కవరు మీద సర్కారీ స్టాంపు. హైదరాబాదు ముద్ర. ఫకీర్ మహమ్మద్ రెండుసార్లు చూసి, "గిది అసలుదే సాబ్" అని బాధగా అందించాడు.

జీవితంలో మొదటిసారి సాంబయ్య ఒక కాగితాన్ని ముద్ర కొట్టకుండా చదివాడు. చదివి, దాన్ని పట్టుకుని రాజేశ్వర్ రావు గదిలోకి పోయాడు. ఆయన పైకి చదివాడు.

"మీ ఆఫీసు క్లర్కు సాంబయ్య, తండ్రి ఉప్పలయ్య, జూన్ ఇరవయ్యేడున మా ఎదుట హాజరై అసలు సర్టిఫికెట్ చూపించినాడు. సర్టిఫికెట్‌లో రాసిన ప్రకారం మెడ మీది పుట్టుమచ్చ సరిచూడబడినది. అప్పర్ డివిజన్ క్లర్కుగా ఏటూరునాగారంలో చేరినాడు. అతనిని రిలీవ్ చేసినట్టు వెంటనే రాయవలెను. నకలు కోరుతూ అదే పేరుతో మీ ఆఫీసు నుండి దరఖాస్తు వచ్చినది. ఆ వ్యక్తి నకిలీ అని అనుమానించుచున్నాము. విచారించవలెను."

మండలివారు మాట తప్పలేదు. హెడ్డాఫీసులో చూపిస్తామన్నారు, చూపించారు.

"సార్, వానిది పుట్టుమచ్చ కాదు, పెట్టుమచ్చ! నాది చూడండి!" సాంబయ్య కాలరు లాగి మెడ వంచాడు. "పంతొమ్మిదేండ్ల సంది మీ ముందట కూసుంటాన. నేను సాంబయ్యనని మీరొక్క ముక్క రాయండి, సాలు."

రాజేశ్వర్ రావు ఆ మచ్చను చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీలోంచి వాన చూశాడు.

"సాంబయ్యా, నిన్ను నేను గుర్తుపడితే, అసలు ఎందుకు పంపినవని అడుగుతరు. మెమో ఇచ్చిండ్రని నువ్వంటవు. అప్పుడు ఆ మెమో కింద సంతకాన్ని గూడ నేను గుర్తుపట్టాలె. నాకు ఇంక ఎనిమిది నెలలే ఉన్నది, రిటైరు. అసలు కాయితం తెచ్చి చూపియ్యి, రాస్త."

"అసలు ఏటూరునాగారంల ఉన్నది సార్!"

"అయితే సాంబయ్య గూడ అక్కడనే ఉన్నట్టు."

తలుపు దగ్గర అలికిడయింది. వరండాలోంచి పూలమ్మ లేచి వచ్చింది, కొంగు పిండుకుంటూ.

"అయ్యా, గీయన సాంబయ్యనే. ఏడాది సంది నా కాయితం వాపసిచ్చేది గీ చేతులే. నేను చెప్త. యాడ ఎయ్యమంటే ఆడ ఏలుముద్ర ఏస్త."

సాంబయ్య ఆమె వైపు చూడలేకపోయాడు. లోకంలో అతని తరఫున లేచిన ఒకే ఒక్క సాక్షి. రాజేశ్వర్ రావు కూడా ఒక్క క్షణం మెత్తబడ్డాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"మంచిదవ్వా. ముందుగాల నువ్వెవరో కాయితం చూపియ్యి. అసలుది."

పూలమ్మ సాంబయ్య ముఖంలోకి చూసింది. తిట్టలేదు. "చెదలు తిన్నయి" అంది, అతనికే చెబుతున్నట్టు. మళ్లీ పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన కాస్త చోటు వదిలింది.

"ఇగ ఆ కాయితం ఫైలు పెట్టియ్యి" అన్నాడు రాజేశ్వర్ రావు. "నెంబరు పడ్డదా?"

పడలేదు. ఆ ఒక్క కాగితాన్ని చింపి పారేయవచ్చునని సాంబయ్యకు తోచింది. నెంబరు లేని కాగితం రానట్టే లెక్క. వెనకే వచ్చిన ఫకీర్ మహమ్మద్ తల తిప్పుకుని, ఏమీ చూడనట్టు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

సాంబయ్య తన కుర్చీకి పోయి రిజిస్టరు తెరిచాడు. పంతొమ్మిదేళ్ల చెయ్యి అతన్ని అడగకుండానే ఇంకు ప్యాడు మూత తీసింది.

ముద్ర చక్కగా, గుండ్రంగా పడింది.