ఊగే మెట్టు, ఊగని ఉద్యోగులు

మా గోదాములో పైఅంతస్తుకు వెళ్ళే దారిలో ఒక మెట్టు ఊగుతోందన్న చిరకాల సమస్యకు యాజమాన్యం శాశ్వత పరిష్కారం కనుక్కుందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. మెట్టు ఊగుతూనే ఉంటుంది. ఉద్యోగులే ఊగడం మానేయాలి.

ఆ మెట్టు మీద చీలమండ బెణకనివాళ్ళు మాలో లేరు. ఒకసారి బెణికిన కాలు ఊరుకుంటుందా, చీటికీ మాటికీ మడతపడుతుంది. చూడడానికి వచ్చిన ఫిజియోథెరపీ డాక్టరమ్మ, "రోజూ ఒంటికాలి మీద నిలబడటం సాధన చేయిస్తే చీలమండలు గట్టిపడతాయండీ. కానీ ముందు ఆ మెట్టు బాగుచేయించండి" అంది. మేనేజరుగారు మొదటి మాటకు మనసారా ధన్యవాదాలు చెప్పి, రెండో మాటకు కాఫీ ఇప్పించి పంపేశారు.

మర్నాటి నుంచి పొద్దున్నే మెత్తటి పరుపు ముక్కల మీద కొంగల్లా నిలబడ్డాం. మేనేజరుగారు కుర్చీలో కూర్చుని ఉపన్యసించారు: "ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికొకామె! నడవలేక మెట్టుకు వంకలు పెట్టకండి. లోపం మెట్టులో లేదు, మీ చీలమండల్లో ఉంది. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడలేనివాళ్ళకి సోమవారం నుంచి ఇక్కడ పనిలేదు!"

మేం చప్పట్లు కొట్టాం. ఆ ఊపులో ఇద్దరు పడ్డారు.

నిజం చెప్పొద్దూ, సాధన పనిచేసింది. కాళ్ళు గుంజల్లా నిలిచాయి. ఆ ఆనందంలో యాజమాన్యం మెట్ల పక్కనున్న కమ్మీ కూడా పీకించింది. ఇంత నిలకడ గలవాళ్ళకు ఆసరా ఇవ్వడం అవమానమట. మేం పొంగిపోయాం.

గట్టెక్కనిది పార్సిళ్ళు మోసే పిన్ని ఒక్కతే. కాలి వాపు తగ్గలేదు, కళ్ళు మూస్తే ఒరిగిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఆమె జీతమే దిక్కు. "అందరం కలిసి మెట్టు బాగుచెయ్యమని అడుగుదాం రండర్రా. నా ఒక్కదాని మాట ఎవరు వింటారు? ఉద్యోగం పోతే పిల్లలకి ఏం పెట్టను?" అని బతిమాలింది.

తూకం వేసే మామయ్యకు ఒళ్ళు మండింది. "భలేదానివమ్మా చెల్లెమ్మా! ఇప్పుడు మెట్టు బాగుచేస్తే, మేం ఇంత కష్టపడి నేర్చుకున్నది బూడిదలో పోసిన పన్నీరేగా!"

న్యాయమైన మాటేనని అందరం తలూపాం.

సోమవారం పొద్దున పరీక్షకని పైకి ఎక్కుతుంటే, మెట్టు తన పని తాను చేసింది. ముందు నడుస్తున్న పిన్ని మెట్లకు అడ్డంగా పడిపోయి, కాలు పట్టుకుని, మావైపు చెయ్యి చాపింది. పైన వేళ మించిపోతోంది. పైగా, చెయ్యందిద్దామని ఒంగితే తూలిపోమూ?

ఒక్కొక్కరం కాలెత్తి పిన్నిని దాటుకుంటూ పైకి వెళ్ళాం. ఒక్కరం కూడా తూలలేదు.