ఇస్త్రీ అన్న గుణగణాల విచారణ

మా బట్టలుతికే కార్ఖానాలో విప్లవం దిగ్విజయంగా ముగిసిందనీ, మొదటి వారం ఇంకా నడుస్తోందనీ పాఠక మహాశయులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఆ వారం సంగతి చెప్పాలి. యజమానిని తరిమేసిన రోజున ఇస్త్రీ అన్న తన బల్లెక్కి, చెయ్యి పైకెత్తి, "ఈ కుర్చీ ఎవడి సొత్తూ కాదు. వారానికొకరం కూచుందాం. వారం అవగానే లేచి పనిలోకి పోదాం" అన్నాడు. ఆవిరి గొట్టాలు అదిరిపోయేలా చప్పట్లు కొట్టాం. మొదట ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న వచ్చింది. అన్న ఒట్టి మొహమాటస్థుడు. తన ప్రాణస్నేహితుణ్ని, గంజి కాచేవాణ్ని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. వారే మన అధ్యక్షులవారు. అప్పటినుంచి వారి జుట్టు నెరిసింది, కుర్చీ మెత్తలు మారాయి, వారం మాత్రం ముగియలేదు. ఉతకాల్సిన బట్ట ఒక్కటి మిగిలున్నా వారం అయిపోయినట్టు కాదని అధ్యక్షులవారు సెలవిచ్చారు. జనం చూస్తే బట్టలు మాపడం మానడం లేదు.

ఇస్త్రీ అన్నకు ఒక దురలవాటుంది. తానన్న మాట తనకు గుర్తుంటుంది. ఒకనాడు అందరి ముందూ "వారం ఎప్పుడవుతుందిరా?" అని అడిగేశాడు. అధ్యక్షులవారిది వెన్నలాంటి మనసు. కోప్పడలేదు సరికదా, కళ్ళు తుడుచుకుని, "ఇంత గొప్ప ప్రశ్న అడిగిన మనిషి చేత దుప్పట్లు ఇస్త్రీ చేయించుకుంటున్నామా! ఎంత సిగ్గుచేటు!" అన్నారు. అన్న గుణగణాలు విశ్లేషించడానికి ఒక సంఘం వేశారు. అది తేల్చేదాకా గేటు బయట విశ్రాంతి తీసుకోమని అన్నను కోరారు. సంఘానికి కార్యదర్శి పదవి నా నెత్తిన పడింది. దాంతోపాటు కిటికీ పక్కన చల్లటి చోటు కూడా దక్కిందనుకోండి.

సంఘం ముందుకు మొదట వచ్చింది మడత గదిలో దుప్పట్లు మడతపెట్టే అన్న భార్య.

"వదినా, ఆయన ఆదర్శవాదా, ఉత్త ఆవేశపరుడా?" అని అడిగాను.

"అవన్నీ నాకెందుకు మరిదీ? ఆ మనిషికి ఇంట్లో కాలు నిలవట్లేదు. ఉన్న చొక్కాలే తీసి మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నాడు. ఆయన బల్ల ఆయనకిచ్చెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

సాక్షి విషయాన్ని పక్కదారి పట్టించిందని రాసుకున్నాం.

మా విశ్లేషణ పూర్తిగా నిష్పాక్షికం. అన్న నమ్మిందే మాట్లాడతాడనీ, పైగా స్నేహితుల్ని కూడా నమ్ముతాడనీ తేలింది. ఒక సభ్యుడు ఉత్సాహం పట్టలేక "ద్రోహి" అనబోయాడు. అధ్యక్షులవారు చెవులు మూసుకున్నారు. "అపచారం! ఆయన మహానుభావుడు. మహానుభావులు ఉండాల్సింది చరిత్రలో. చరిత్రలో ఉన్న మనిషికి ఇక్కడ హాజరెలా వేస్తామయ్యా?" అన్నారు. నిజమే కదా, మాకెవరికీ తట్టలేదు. నిలువెత్తు రాతి విగ్రహం పెట్టాలనీ, ఇస్త్రీ బల్ల చారిత్రక సంపద గనక విగ్రహాన్ని దానిమీదే నిలబెట్టాలనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. శిల్పి అన్నను ఎన్నడూ చూడలేదు. అందుకని అధ్యక్షులవారు పనులన్నీ మానుకుని అతని ఎదుట నమూనాగా కూర్చున్నారు.

ఆవిష్కరణ రోజున అన్న గేటు దగ్గరికొచ్చాడు. కాపలా ఉన్నది సొంత బావమరిదే.

"ఏమనుకోకు బావా. విగ్రహంలో ఉన్నాయన నీకంటే జానెడు పొడుగు. ముక్కు కూడా వేరు. ఆయన పేరు చెప్పుకుని లోపలికొస్తే జనం ఊరుకోరు."

అన్న ఊచల్లోంచి తొంగిచూసి, "ఒరేయ్, ఆ బరువుకి బల్ల విరిగిపోతుందిరా. కింద ఇటుకలన్నా పెట్టండిరా" అన్నాడు.

అప్పుడు వదిన దుప్పట్లు కింద పడేసి జనం మధ్యకొచ్చింది. "ఆ రాయి మా ఆయన కాదు. గేటు బయట ఉన్నాయనేమో అన్న కాదంటున్నారు. మరి నేనెవరి పెళ్ళాన్నయ్యా?" అంది.

ఈలోగా అధ్యక్షులవారి ఉపన్యాసం ముగియడంతో అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ వెళ్ళి మొగుడి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. మేమెవరమూ వెంట వెళ్ళలేదు. మధ్యాహ్నం బట్టలు వచ్చే వేళయింది.

విగ్రహం మాకెంతో ఉపయోగపడుతోంది. పైకెత్తిన ఆ చేతికి తాడు కట్టి దుప్పట్లు ఆరేసుకుంటున్నాం. బల్ల కింద ఇటుకలు కూడా పెట్టించాం, అన్న మాటంటే మాకంత గౌరవం.

వారం ఎప్పుడవుతుందని అడిగే హక్కు మా దగ్గర అందరికీ ఉంది. అడిగేవాళ్ళు ఇబ్బంది పడకూడదని రెండో విగ్రహానికి దిమ్మె ముందే కట్టించి ఉంచాం. ఇంతవరకు ఎవరూ అడగలేదు గనక దానిమీద సబ్బు మూటలు పెట్టుకుంటున్నాం. ఇదంతా చదివాక ఆ ప్రశ్న మీ నోటిదాకా వచ్చి ఉంటే మొహమాటపడకండి, మూటలు తీయిస్తాం. మీ ఎత్తెంతో చెబితే చాలు, ముఖం మా దగ్గరుంది.