మూడో అంతస్తు బుట్ట

ఇరవై ఏళ్లు జర్మనీలో పనిచేసి, ఇక నేపుల్స్‌లోనే ఉందామని తిరిగివచ్చిన ఎత్తోరెకి కరోనా క్వారంటైన్ రెండో రోజు ఉదయం కాఫీపొడి అయిపోయింది. గడప దాటాడంటే పద్నాలుగు రోజులూ మళ్లీ ఒకటి నుంచి మొదలు. పదిహేనో రోజున బేకరీలో చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకని చనిపోయిన తల్లి వాడిన బుట్టలో సరుకుల చీటీ వేసి, బాల్కనీ నుంచి తాడుతో కింది కొట్టు ముందుకు దించాడు.

ఆ వీధిలో బుట్ట దించేముందు కొట్టువాణ్ణి నాలుగు సందులకు వినపడేలా కేకేయాలి. జర్మనీలో ఎత్తోరెకి కేకలు వేసే అలవాటు పోయింది. చప్పుడు చేయకుండా దించి, గడ్డం గీసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

కేక లేకుండా వేలాడే బుట్టకు ఆ రోజుల్లో ఒకటే అర్థం: ఉన్నవాళ్లు వేయండి, లేనివాళ్లు తీసుకోండి.

ఎదురు బాల్కనీలోంచి నున్సియా పెద్దమ్మ చూసింది. "అయ్యో, మన రోజా కొడుకు! ఎప్పుడొచ్చాడో ఏమో, పస్తులుంటున్నాడర్రా!" అని వీధంతా చాటింది.

ఎత్తోరె వచ్చి లాగేసరికి బుట్ట బరువెక్కింది. పాస్తా, టమాటాలు, గుడ్లు, తరల్లి బిస్కెట్ల పొట్లం, ఒక జత ఉన్ని మేజోళ్లు.

"పెద్దమ్మా, నాకివేం వద్దు! నా దగ్గర డబ్బుంది!"

"ఉంటే ఉందిలే నాయనా, ముందు తిను. మీ అమ్మా ఇంతే, ఆకలని చచ్చినా ఒప్పుకునేది కాదు."

ఎత్తోరె సిగ్గుపడి అన్నీ మళ్లీ కిందికి దించేశాడు. ఇల్లు చల్లగా ఉండటంతో మేజోళ్లు మాత్రం తొడుక్కున్నాడు.

నిండు బుట్ట దిగడం చూసి ఇద్దరు ఆగారు. ఇద్దర్ని చూసి పదిమంది. అరగంటలో వరస వీధి మలుపు దాటింది.

"ఒరేయ్ ఎత్తోరె! నా కొట్టు ముందే ధర్మసత్రం తెరిచావేంట్రా?" అని సబాతో అనే ఆ కొట్టువాడు అరిచాడు.

ఆ అరుపుకి పోలీసు వచ్చాడు. విషయం తెలుసుకుంటూ బుట్టలోని పొట్లం విప్పి ఒక బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు. "గుంపులు కట్టకూడదని తెలీదా? ఎవరిదీ బుట్ట?"

వేళ్లన్నీ పైకి లేచాయి.

"ఏమయ్యా, కిందికి రా!"

"రాలేను సార్."

"వస్తావా, కేసు రాయమంటావా?"

"మొన్నే జర్మనీ నుంచి వచ్చాను సార్. క్వారంటైన్‌లో ఉన్నా."

వరసలో ముందున్నావిడ చేతిలోని గుడ్లను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టింది.

"అంటే, బుట్ట ముట్టినోళ్లందరూ..." అంటూ సబాతో వెనక్కి జరిగాడు.

"పద్నాలుగు రోజులు ఇంట్లోనే," అంది నున్సియా. "పోలీసాయన కూడా. ఇందాకట్నుంచి నములుతున్నది అందులోదే!"

పోలీసు దవడ ఆగిపోయింది. నోట్లోది మింగాలో ఉమ్మాలో కాసేపు తేల్చుకోలేక, చివరికి మింగాడు.

"ఏ బుట్ట?" అన్నాడు.

"బుట్టా? ఇక్కడేం బుట్ట లేదే," అన్నాడు సబాతో.

ఎత్తోరె తాడు గబగబా పైకి లాగేసుకున్నాడు. పోలీసు పుస్తకం తీసి, వీధిలో ఎవరూ లేరని రాశాడు. రాయడం ముగించేసరికి అది నిజమే అయింది.