రాణి, భర్త పేరు నరసయ్య

చూడి పందులకు సర్కారు నెలనెలా బస్తా దాణా ఇస్తోందని లిలువాలో ఎవరో అంటుంటే విన్నానని జగ్గమ్మ వచ్చి పక్కింటి తవిటమ్మకు చెప్పింది. గార్డెన్ రీచ్ తెలుగు బస్తీలో ఇంత గొప్ప వార్త ఈ మధ్య పుట్టలేదు (కుళాయిలో నీళ్లొచ్చిన రోజు మినహా).

దేశ సౌభాగ్యం పంది గర్భంలోనే మొదలవుతుందని సూకర మాతృ పోషణ విభాగం నిర్ధారించింది. తల్లి తిండిని బట్టే పిల్లకు కడుపులో కండ పడుతుందట. అప్పుడు లోటైతే పుట్టాక ఎంత మేపినా ఎదుగుదల ఉండదు, మాంసంలో కొవ్వే మిగులుతుంది. తవిటమ్మకు ఈ సంగతి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. పోయిన ఈతలో ఆమె పంది రాణికి పిల్లలు చిక్కిపోయి పుడితే మాంసం కొట్టువాడు మొహం తిప్పుకున్నాడు. ఇప్పుడు రాణికి మొదటి నెల. ఈసారైనా బొద్దు పిల్లలు కావాలని ఆమె ఆశ.

దరఖాస్తు నింపిన గుమాస్తా ప్రదీప్‌కుమార్ తెలుగులో అడిగి బెంగాలీలో రాసుకున్నాడు.

"గర్భిణి పేరు?"

"రాణి."

"భర్త పేరు?"

"నరసయ్య," అంది తవిటమ్మ. మొగుడి పేరు అడిగితే ఇంకేం చెబుతుంది.

కార్డు వచ్చింది. కార్పొరేషన్ చెత్తబండి తోసే నరసయ్య దాన్ని చదివించుకుని, "నాకు తెలకుండా నాకీ పెళ్ళెప్పుడు సేసినావే?" అన్నాడు.

భర్తను మార్చడానికి పద్నాలుగో నియమం ఉంది. ప్రస్తుత భర్త తనకు గర్భిణితో సంబంధం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. గర్భిణి అభ్యంతరం లేదని కాలిముద్ర వేయాలి. అసలు భర్త గుర్తింపు కార్డు జతపరచాలి (అసలు భర్త బడ్జ్ బడ్జ్ నుంచి వచ్చి, పని చూసుకుని వెళ్లిపోయింది). అంతవరకూ దాణా నిలుపుదల. నరసయ్య రెండు రోజులు సెలవు పెట్టి, కోర్టు బయట వరుసలో నిలబడి, తాను పందికి మొగుణ్ణి కానని ప్రమాణం చేశాడు. రాణి కాలిముద్ర మసకగా ఉందని ఫైలు తిరిగొచ్చింది.

పంది మూడు నెలల మూడు వారాల మూడు రోజులే మోస్తుంది. ఫైలుకు అలాంటి గడువేమీ లేదు. ఈలోగా రాణి కూరగాయల తొక్కలు తిని, ఆరు పిల్లల్ని ఈనింది.

మరుసటి వారం కార్డు సరిచేయబడింది. ప్రదీప్‌కుమార్ కాటా పట్టుకుని వచ్చాడు. దాణా తేలేదు (ఈనినది గర్భిణి కాదు). ఒక్కో పిల్లనూ ఎత్తి తూచి, తల పంకించాడు.

"ఇంత తక్కువ బరువేంటి పిన్నీ? కారణం అంతుపట్టడం లేదు. నిపుణుల సంఘం వేస్తారులే, రెండేళ్లలో తేల్చేస్తుంది."

"సంగమెందుకు బాబూ," అంది తవిటమ్మ. "తల్లికి కూడు నేదు. రాసుకో."