రెండు హెడర్లు, మూడు కాపీలు

పదకొండు గంటలకల్లా ప్రోగ్రాం కంపైలు చేసి, సాయంత్రానికి హాల్ టికెట్లు అచ్చువేసెయ్యాలని ప్రసూనాంబ పొద్దున్నే అనుకుంది. తిరుపతిలోని ఆ పరీక్షల కార్యాలయంలో, 1988లో, సి అనే కంప్యూటరు భాష తెలిసింది ఆమె ఒక్కతెకే. పరీక్ష ఎల్లుండి. పని సకాలంలో అయితే ఆమె ఉద్యోగం పర్మనెంటు. కాకపోతే సొంతూరు బంగారుపాళ్యానికి బస్సు.

కంప్యూటర్ గదికి అధికారి దామోదరం. పాత కాగితాల విభాగంలో ఇరవై రెండేళ్ళు కదలకుండా కూర్చున్నందుకు పైవాళ్ళు ఆయనకు ఈ గది ఇచ్చారు. గది చల్లగా ఉంటుందని తప్ప కంప్యూటరు గురించి ఆయన ఇంకేమీ తెలుసుకోలేదు.

ప్రోగ్రామును మిషను భాషలోకి మార్చే కంపైలరు రెండు తప్పులు చూపింది. ప్రోగ్రాంలో వాడే పేర్లకు అర్థం చెప్పేవి హెడర్ ఫైళ్ళు. కిందటి వారం బెంగుళూరు నుంచి కొత్త సిస్టం వచ్చింది గాని, పాత సిస్టం హెడరు అక్కడే ఉండిపోయింది. తేదీలో సంవత్సరానికి రెండు గళ్ళు చాలని పాతది, నాలుగు కావాలని కొత్తది. కంపైలరు రెండూ చదివి ఆగిపోయింది.

"పాతది తీసేస్తే చాలు సార్. రెండు నిమిషాల పని."

"తీసేస్తావా? నా సర్వీసులో ఒక్క కాయితం సింపినోణ్ణి కాదమ్మా నేను. రెండూ ఉండనీ."

"రెండూ ఉంటే కుదరదు సార్."

"కుదరకపోయేదానికి అవేమన్నా అత్తాకోడళ్ళా? రెండూ కలిపి ఒక కట్ట కట్టెయ్. అన్ని సోట్లా ఒక్కో కాపీ పెట్టు."

ఆమె చెప్పి చూసింది. ఆయన మెమో ఇస్తానన్నాడు. ఆమె రెండూ కలిపి, మిషనులో ఫైళ్ళు దాచే డైరెక్టరీలన్నిటిలోనూ పెట్టింది. రెండు తప్పులు నాలుగు వందలయ్యాయి.

"సూడు, ఇప్పుడు గదా మిషను పని సేస్తా ఉండేది!" అన్నాడు దామోదరం. ప్రింటరు చూసుకునే ఏకాంబరాన్ని పిలిచాడు. "ఆ తప్పులన్నీ, తప్పుకొక కాయితం లెక్కన, మూడు కాపీలు తియ్యప్పా. రికార్డుకుండాల."

మూడింటికి ఏకాంబరం వచ్చి నిలబడ్డాడు. "పేపరు అయిపోయినాది సార్."

"ఇంకొకటి తెచ్చుకోప్పా."

"ఇంక యాడుండాది సార్? అయిపోయింది హాల్ టికెట్ల పేపరే."

ప్రసూనాంబ, ఫైళ్ళు గది మారితే రాసే బదిలీ రిజిస్టరు తెరిచి, "పాత హెడరును, కట్టల కాపీలను రికార్డు గదికి బదిలీ చేయవలెను" అని రాసి దామోదరం ముందు పెట్టింది.

"బదిలీ అయితే సరే. తీసేసినట్టు కాదు గదా," అని ఆయన సంతకం పెట్టాడు.

ఆమె కంపైలరు చూడని చోట 'రికార్డు గది' పేరుతో ఒక డైరెక్టరీ చేసి, అవన్నీ అందులోకి తోసింది. ప్రోగ్రాం రెండు నిమిషాల్లో కంపైలయింది. హాల్ టికెట్లు తప్పుల కాగితాల వెనకవైపు అచ్చయ్యాయి. పరీక్ష జరిగింది.

మరుసటి నెల ఆమెకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. దామోదరం దాన్ని ఆమె పాత టెంపరరీ ఆర్డరుతో కలిపి కట్టాడు.

"పాతది తీసెయ్యరా సార్?"

"రెండూ ఉండనీమ్మా. ఏది సెల్లుతుందో పైవాళ్ళు సెప్తారు."

పాత ఆర్డరునూ బదిలీ చేద్దామని ప్రసూనాంబ బదిలీ రిజిస్టరు కోసం బీరువా తెరిచింది. అది కిందటి వారమే రికార్డు గదికి బదిలీ అయింది.