సన్నబడటానికి లావెక్కినవాడు

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంత గంజి తాగడం, డాక్టరు దగ్గరికి వెళ్లి ఇక పనిలోకి వెళ్లొచ్చని చెప్పించుకోవడం, సోమవారం డ్యూటీలో చేరడం. టైఫాయిడ్ వచ్చి పోయింది గానీ, పోతూ పోతూ ఒంట్లో ఉన్న కండంతా వెంట తీసుకుపోయింది. చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. ప్యాంటు నిలబెట్టుకోవడానికి బెల్టుకు కొత్తగా చిల్లులు పొడవాల్సి వచ్చింది. అద్దంలో చూసుకుంటే తనకే భయం వేస్తోంది.

గంజి గ్లాసు నోటిదాకా వచ్చేసరికి బావమరిది ఊడిపడ్డాడు. గుమ్మంలోనే ఆగిపోయి, రెండు చేతులూ చాచి కేకపెట్టాడు.

"బావా! అలాగే ఉండు, కదలకు! అక్కా, బావని చూశావా? ఎంత బాగా పాడైపోయాడో!"

"నోర్ముయ్‌రా! జ్వరం నుంచి లేచిన మనిషిని పట్టుకుని ఏమిటా మాటలు?" అంది అక్క వంటింట్లోంచి.

బావమరిది ఒక టీవీ ఛానెల్‌లో 'కరిగితే కిరీటం' అనే కార్యక్రమానికి సహాయ దర్శకుడు. దాని గురించి తెలియనివాళ్లు అదృష్టవంతులు. కొండంత మనిషిని పట్టుకొచ్చి, తూకం మీద నిలబెట్టి, ఏడిపించి, గంతులు వేయించి, నాలుగు వారాలు తిరిగేసరికి పుల్లలా చేసి నెత్తిన కిరీటం పెడతారు. మధ్యలో ఆ మనిషి ఏం తిన్నాడో, ఎన్నిసార్లు కళ్లు తిరిగి పడ్డాడో, కిరీటంతో ఇంటికెళ్లాక మళ్లీ ఎంత బరువయ్యాడో వాళ్లు చూపరు, వీళ్లు అడగరు. చూసే జనం మాత్రం సోఫాలో వెల్లకిలా పడుకుని, పొట్టమీద చిప్స్ గిన్నె పెట్టుకుని, 'పట్టుదలంటే అదీ!' అని కళ్లు తుడుచుకుంటారు.

ఈసారి కథ అడ్డం తిరిగింది. గెలవాల్సిన పోటీదారు దోసకాయ ముక్కల మీద బతికి బతికి, సెట్‌లోనే కళ్లు తిరిగి కుప్పకూలాడు. వాళ్లావిడ వచ్చి ఛానెల్‌ని నానా తిట్లూ తిట్టి, మొగుణ్ని ఆస్పత్రికి మోసుకుపోయింది. మిగిలినవాళ్లు కరగకపోగా, ఒకాయన కాస్త పెరిగాడు కూడా. కిరీటం తయారుగా ఉంది, పెట్టడానికి సన్నటి మనిషి లేడు.

"నిన్ను మధ్యలో దింపుతాం బావా. సన్నబడ్డాక ఎలా ఉంటావో ఇవాళే తీసేస్తాం. లావుగా ఉన్నప్పటిది తర్వాత తీసుకుంటాం," అన్నాడు బావమరిది.

"నేను లావుగా ఎప్పుడున్నాన్రా?"

"ఉంటావు. అది మా బాధ్యత."

మెకానిక్ ససేమిరా అన్నాడు. అతని భార్య కొంగు చివర ముక్కు తుడుచుకుని, "మా తమ్ముడి ఉద్యోగం పోతే మీకేం సంబరమండీ?" అంది. ఆ కొంగుకు కూడా అతను లొంగేవాడు కాదు. కానీ వారాల తరబడి గంజి తాగిన నోరు అతని మాట వినలేదు.

"లావెక్కించడానికి ఏం పెడతారు?" అని అడిగాడు.

అక్కడితో బేరం కుదిరిపోయింది.

స్టూడియోలో డైరెక్టరు అతని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బుగ్గ గుంటలు వేలితో తడిమి, "అద్భుతం! మేకప్ కూడా అక్కర్లేదు," అన్నాడు. కోటు తొడిగారు. ఏనుగుకు కుట్టినంత ప్యాంటు ఒకటిచ్చి, దాని ఒక్క కాల్లో నిలబడి, నడుము దగ్గర లాగి పట్టుకుని నవ్వమన్నారు. నవ్వాడు. ఎవరికో జవాబు చెబుతున్నట్టు పెదాలు కదపమన్నారు. కదిపాడు.

"ఇప్పుడు మీ జీవితం ఎలా మారిందో చెప్పండి."

"సార్, టైఫాయిడ్ వల్ల..."

"ఆ మాట ఎత్తకండి. 'సంకల్పం' అనండి."

సంకల్పం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాటి నుంచి ఇంటి ముందు ఛానెల్ వ్యాను ఆగడం మొదలుపెట్టింది. వెన్నముద్దలు, వేపుళ్లు, కేకులు, పెద్ద డబ్బాలతో ఐస్‌క్రీములు. మెకానిక్ ఆఫీసుకు ఫోన్ చేసి ఇంకా నీరసంగా ఉందని చెప్పి, ఫోన్ పెట్టేసి మళ్లీ చెంచా అందుకునేవాడు. ముందు బుగ్గలు నిండాయి, తర్వాత గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది, ఆ తర్వాత కుర్చీలోంచి లేవాలంటే భార్య చెయ్యందించాల్సి వచ్చింది. ఇక చాలేమోనని బావమరిది అంటే డైరెక్టరు ఒప్పుకోలేదు.

"చాలదయ్యా. ఇప్పుడు చూస్తే గౌరవం కలుగుతోంది. జాలి కలగాలి."

జాలి కలిగేదాకా తినిపించారు. ఆ తర్వాత తూకం మీద నిలబెట్టి, కళ్లలో ఏదో రసం పిండి ఏడిపించి, 'నా బతుకు ఇంతేనా' అనిపించి, వ్యాను మాన్పించేశారు. మధ్య వారాలకు వేరేవాళ్ల నడుములూ, వదులు చొక్కాలూ వాడుకుంటామన్నారు.

బరువైన గుండెతో, అంతకంటే బరువైన ఒంటితో మెకానిక్ డ్యూటీకి వెళ్లాడు. సూపర్వైజరు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనా సన్నటివాడేం కాదు గానీ, ఆయనది కుర్చీలో కూర్చునే ఉద్యోగం.

"టైఫాయిడ్ అన్నావు కదయ్యా?"

"అవును సార్. తగ్గింది సార్."

"తగ్గినట్టు లేదే! ఇలా రా."

లిఫ్టు పైకప్పులో ఒక చదరపు మూత ఉంటుంది. లోపల మనుషులు చిక్కుకుంటే మెకానిక్ పైనుంచి ఆ మూత తీసి దిగాలి. షెడ్డులో నేర్పడానికి ఉంచిన పాత లిఫ్టు ఎక్కించి, సూపర్వైజరు అతన్ని దూరమన్నాడు. కాళ్లు వెళ్లాయి, మోకాళ్లు వెళ్లాయి, అక్కడితో ప్రయాణం ముగిసింది.

"నెల తిరిగేసరికి ఇందులో పట్టావా, ఉద్యోగం. పట్టలేదా, వేరే పని చూసుకో," అన్నాడు సూపర్వైజరు.

ఈ పని తప్ప మెకానిక్‌కి ఇంకో పని రాదు. పరుగులాంటి నడకతో ఛానెల్‌కి వెళ్లి డైరెక్టరు కాళ్లావేళ్లా పడ్డాడు.

"సార్, మీ కార్యక్రమంలో వాళ్లు ఎలా తగ్గుతారో అలాగే నన్నూ తగ్గించండి సార్. నెల టైముంది."

డైరెక్టరు బావమరిది వైపు చూశాడు. బావమరిది వ్యాయామ శిక్షకుడి వైపు చూశాడు. కండలు చూపించడానికి తప్ప నోరు విప్పడానికి జీతం తీసుకోని ఆ శిక్షకుడు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎడిటింగ్‌లో," అన్నాడు డైరెక్టరు చివరికి.

ఈలోగా కార్యక్రమం టీవీలో మొదలైంది. మొదటి వారం మెకానిక్ కన్నీళ్లు చూసి సూపర్వైజరు ఇంటిల్లిపాదితో కలిసి ఏడ్చాడు. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఒక్క మాట చెప్పకూడదూ? నా మాట మనసుకు పట్టించుకుని ఏకంగా పోటీకే వెళ్లిపోయావా! కంపెనీ పరువు నిలబెట్టావు. ఆ పోటీ శిబిరంలోనే ఉండు, కరిగి రా. సెలవు నేను చూసుకుంటాను."

"సార్, నిజానికి నేను..." అని మెకానిక్ మొదలుపెట్టేసరికి, బావమరిది ఎదురుగా నిలబడి దణ్ణాలు పెట్టాడు. పక్కన భార్య కొంగు పైకి లేచింది. మెకానిక్ అలాగే సార్ అని ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజు నుంచి మెకానిక్ పరదాలు దించుకుని ఇంట్లో దాక్కున్నాడు. అన్నం సగం చేశాడు, వాకిట్లో చీకటి పడ్డాక నడిచాడు. ఒళ్లు ఏదో మొహమాటానికన్నట్టు కాస్త తగ్గి ఊరుకుంది. టీవీలో మాత్రం వారానికింత చొప్పున కరిగిపోతున్నాడు. అందులో అతను ఉదయం సాయంత్రం ఒక గ్లాసుడు ఆకుపచ్చ నీళ్లు తాగి మూతి తుడుచుకుంటాడు. అవి రంగు కలిపిన కుళాయి నీళ్లు. అది తీసిన రోజున కెమెరా ఆగగానే తెర వెనక ఉమ్మేశాడు. ఆ ముక్క ఎవరూ చూపలేదు. సూపర్వైజరు దొరికిన ఆకుకూరలన్నీ నూరి నీళ్లలో కలిపి, భోజనం మానేసి, అవే తాగడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఆయన మెడ కాలర్లో అటూ ఇటూ తిరుగుతోంది. మెట్టెక్కితే ఆయాసం, కూర్చుంటే వణుకు. "కరుగుతోంది!" అని మురిసిపోయాడు.

చివరి భాగం లైవ్ అని ఛానెల్ ఊదరగొట్టింది. లైవ్ అంటే వాళ్ల లెక్కలో ఇదీ: వేదిక మీద తెర ఉంటుంది. దాని మీద ముందే తీసిపెట్టుకున్న సన్నటి మెకానిక్ నవ్వుతూ పెదాలు కదుపుతాడు. మేకప్ గదిలో దాచిన లావు మెకానిక్, కాలరుకు తగిలించిన మైకులో యాంకరమ్మ ప్రశ్నలకు జవాబులు చెబుతాడు. ఆకలేస్తే తినమని అతని ప్యాంటు జేబుల్లో రెండు బన్నులు కూడా పెట్టారు. సాక్ష్యం చెప్పడానికి సూపర్వైజరును పిలిచారు. ఆయన్ను ఎదురెళ్లి తీసుకురావడానికి డైరెక్టరు స్వయంగా కిందికి దిగాడు. వెళ్తూ వెళ్తూ, "ఏం జరిగినా సరే, మెకానిక్ గొంతు మాత్రం కట్ చెయ్యొద్దు," అని అందరికీ గట్టిగా చెప్పి వెళ్లాడు.

స్టూడియో దీపాలన్నీ ఒక్కసారి వేసేసరికి కరెంటు తన్నేసింది. జనరేటరుతో దీపాలు వచ్చాయి గానీ, డైరెక్టరూ సూపర్వైజరూ ఎక్కిన లిఫ్టు రెండు అంతస్తుల మధ్య బిగుసుకుపోయింది.

"బావా, కొంప మునిగింది! మీ సూపర్వైజరు లోపల పడిపోయాడట. ఒళ్లంతా చెమటలట, మాట రావడం లేదట," అన్నాడు బావమరిది, లిఫ్టులోంచి డైరెక్టరు చేసిన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి.

"ఈ లిఫ్టు చూసేది మా కంపెనీయే. మోటారు గది తాళం ఎక్కడుంది?"

"మీ సూపర్వైజరు జేబులోనే ఉందట."

మెకానిక్ లేచాడు.

"ఎక్కడికి బావా? ఇంకో నిమిషంలో నీ గొంతు..."

"నీ గొంతు పిసుకుతాను! పద!"

పై అంతస్తు తలుపు తెరిచి లిఫ్టు నెత్తిమీదికి దిగాడు. మూత తీశాడు. కింద సూపర్వైజరు డైరెక్టరు కాళ్ల దగ్గర ముద్దలా పడున్నాడు. తాళం పైకి అందిద్దామన్నా డైరెక్టరు చెయ్యి పైకప్పుదాకా చాలలేదు. మెకానిక్ మూత వైపు చూశాడు, తన పొట్ట వైపు చూసుకున్నాడు. తనను తీసేస్తానన్న మనిషే కావచ్చు, అలా చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఊపిరి బిగబట్టి కాళ్లు వదిలాడు. నడుము దగ్గర బిరడా బిగించినట్టు బిగుసుకున్నాడు. పైకీ లేడు, కిందికీ లేడు.

సరిగ్గా అప్పుడే స్టూడియోలో తెర మీద సన్నటి మెకానిక్ ప్రత్యక్షమై నవ్వాడు. యాంకరమ్మ చేతులు జోడించింది.

"ఇంత బరువు తగ్గాక ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది?"

"ఊపిరాడటం లేదురా దేవుడా!" అంది మెకానిక్ గొంతు.

జనం చప్పట్లు.

"ఆనందంతో ఊపిరాడటం లేదట! ఈ విజయానికి కారణం ఎవరు?"

"అంతా నా బావమరిది వెధవ వల్ల!"

"కుటుంబం అంటే ఎంత ప్రేమో చూడండి! మరి మీలా ప్రయత్నించాలనుకునేవాళ్లకు మీరిచ్చే సలహా?"

"చచ్చినా ఇందులో దూరొద్దు!"

తెర మీది మనిషి ఏనుగు ప్యాంటు లాగి పట్టుకుని తీయగా నవ్వుతూనే ఉన్నాడు. యాంకరమ్మ ప్రశ్నల కాగితం తిరగేసి చూసుకుంది.

లిఫ్టులో డైరెక్టరు, "కట్! కట్!" అని కాళ్లకు చెబుతున్నాడు. మెకానిక్ పైనుంచి అరిచాడు.

"నా జేబులో బన్నులున్నాయి, ఆయనకి పెట్టండి ముందు!"

డైరెక్టరు జేబులో చెయ్యి పెట్టి, బన్ను తుంచి సూపర్వైజరు నోట్లో కుక్కాడు. రెండోది పూర్తయ్యేసరికి ఆయన కళ్లు తెరిచి, ఎదురుగా గాల్లో వేలాడుతున్న కాళ్లను చూశాడు.

"ఎవరివయ్యా ఈ కాళ్లు?"

"నావే సార్!"

"నువ్వా? మరి... నువ్వు కరిగావు కదా? ఆ ఆకుపచ్చ నీళ్లు..."

"నీళ్లూ లేవు, నా బొందా లేదు సార్! నాకు టైఫాయిడ్ వచ్చి సన్నబడ్డాను. అది ముందు తీశారు. తర్వాత మేపి మేపి ఇలా చేసి, ఇది ముందన్నారు. మీరు తిండి మానేస్తే చస్తారు సార్! తినండి!"

దేశమంతా విన్నది. సన్నటి మెకానిక్ తల ఊపుతూ విన్నాడు.

సూపర్వైజరు తాళం తీసి అతని ప్యాంటు జేబులోనే వేశాడు. కింద డైరెక్టరు అతని కాళ్లు పట్టుకుని తోసి, పైన బావమరిది చంకలు పట్టుకుని లాగితే, చొక్కా గుండీలన్నీ తెగి మెకానిక్ బయటపడ్డాడు. మోటారు గది తెరిచి, చేత్తో చక్రం తిప్పి లిఫ్టును కిందికి దించాడు. సూపర్వైజరును ఆస్పత్రిలో చేర్చారు. ఛానెల్ ఆ రాత్రే సాంకేతిక లోపానికి చింతిస్తున్నామని నాలుగు ముక్కలు చదివి, అదే భాగాన్ని మర్నాడు రెండుసార్లు వేసుకుంది. ఎన్నడూ లేనంతమంది చూశారట. ఎవరికైనా సిగ్గేసినట్టు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

రెండు రోజుల తర్వాత సూపర్వైజరు కబురు చేశాడు. ఉద్యోగం ఊడినట్టేనని మెకానిక్ తేల్చేసుకున్నాడు. ఆస్పత్రిలో ఆయన చేతికి సెలైన్ సూదితో, దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఈ ఒంటితో నువ్వు ఆ మూతలో దూరలేవయ్యా," అన్నాడు.

"చిత్తం సార్."

"తెలిసీ దూరావు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఒళ్లు తగ్గేదాకా మోటారు గదుల పని చూడు. నిదానంగానే తగ్గు, తొందరేం లేదు."

మెకానిక్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలలుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఇన్నాళ్లకు ఒకరికి నిజం బోధపడిందనుకున్నాడు. దణ్ణం పెట్టి లేవబోయాడు.

"ఆగు," అన్నాడు సూపర్వైజరు. తలుపు వైపు చూసి, నర్సు లేదని నిర్ధారించుకుని, దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "మనలో మన మాట. ఆ టైఫాయిడ్ నీకు ఏ హోటల్లో వచ్చింది?"

పక్క మంచం మీది రోగి నిద్ర నటించడం మానేసి, తలకింద దిండు సర్దుకుని చెవి ఇటు వేశాడు.